విన్నది, చూసినది, ఫోన్లో వచ్చినది: పిల్లలకు నిజాన్ని వెతికే విద్య నేర్పుదాం



మన తాతల కాలంలో ఊరికి ఒక ఉత్తరం వస్తే దాన్ని చదివిపెట్టేవారి కోసం వెతుక్కునేవారు. చదువు వచ్చినవాడంటే అక్షరాలు వచ్చినవాడని అర్థం. నేడు వర్ని, రుద్రూరు, కోటగిరి, బోధన్ ప్రాంతాల్లో ఫోను లేని ఇల్లు అరుదు. అడగకపోయినా రోజంతా కబుర్లు ఇంటికి వస్తూనే ఉంటాయి. అందులో పంట ధరలు ఉంటాయి, మందుల చిట్కాలు ఉంటాయి, దుబాయి కొలువులు ఉంటాయి, ఎవరో ఎవరినో తిట్టిన మాటలూ ఉంటాయి. వీటిలో ఏది నిజం, ఏది సగం నిజం, ఏది పచ్చి అబద్ధం? ఈ తేడా తెలుసుకునే విద్యను మన పిల్లలకు ఎవరు నేర్పుతున్నారు? ఈ వారం పాఠంలో ఈ విషయాన్ని ఆలోచిద్దాం.

ఈ విద్య పేరేమిటి?

దీన్ని ‘సమాచార అక్షరాస్యత’ అంటారు. ఈ మాటను మొదట 1974లో అమెరికాలో పాల్ జుర్కోవ్‌స్కీ వాడారు. 1989లో అమెరికా గ్రంథాలయ సంఘం దీనికి స్పష్టమైన అర్థం చెప్పింది. దాని సారాంశం నాలుగు మాటల్లో ఇమిడిపోతుంది. తనకు ఏ సమాచారం అవసరమో గుర్తించడం, దాన్ని వెతికి పట్టుకోవడం, దొరికినదాన్ని పరీక్షించడం, తేలినదాన్ని సరిగా వాడుకోవడం. ఈ నాలుగూ వచ్చినవాడే నేటి కాలానికి చదువుకున్నవాడు.

కంప్యూటరు మీద చేతివేళ్లు వేగంగా ఆడితే చాలదని దీన్నిబట్టి తెలుస్తుంది. మన పిల్లలు ఫోనును మనకంటే చురుకుగా వాడతారు. కాని చురుకుదనం వేరు, వివేకం వేరు. బండి వేగంగా నడపగలిగినవాడికి దారి కూడా తెలిసి ఉండాలి కదా!

మనకిది కొత్త విద్య కాదు

ఇది పరదేశపు విద్య అనుకోవద్దు. నిజాం కాలంలో తెలుగు చదువుకు ఆదరణ లేని రోజుల్లో, 1901 సెప్టెంబరు 1న, హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం ప్రారంభమైంది. దాని స్థాపకుల్లో ఒకరైన కొమర్రాజు లక్ష్మణరావు తరువాత తెలుగులో విజ్ఞాన సర్వస్వం రాయించే పనికి పూనుకున్నారు. 1935లో గుంటూరు జిల్లాలో పెదవడ్లపూడి, కొల్లిపరల మధ్య కాలువలో పడవ మీద గ్రంథాలయం నడిచింది. మన క్యాంపుల్లో స్థిరపడిన కుటుంబాల పెద్దలు అలాంటి కాలువ గట్ల ఊళ్లనుంచి వచ్చినవారే. చదువు జనం దగ్గరకు వెళ్లాలన్నది ఆనాటి పెద్దల పట్టుదల.

మరొక ఉదాహరణ చూడండి. తెలంగాణలో తెలుగు కవులే లేరని ఒకరు రాశారు. గోలకొండ పత్రిక సంపాదకులు సురవరం ప్రతాపరెడ్డి ఆ మాటకు ఎదురు తిట్టలేదు. ఊరూరా ఉన్న కవుల వివరాలు, పద్యాలు తెప్పించారు. 354 మంది కవులతో 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ను అచ్చు వేశారు. ఒక మాట అబద్ధమని నిరూపించడానికి కోపం అక్కరలేదు, ఆధారం కావాలని ఆ పుస్తకం చెబుతుంది. మన పిల్లలకు నేర్పవలసిన విద్య కూడా ఇదే. ఇక నాలుగు మెట్లనూ ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటి మెట్టు: ప్రశ్నను సరిగా అడగడం

మన ప్రాంతపు పిల్లలకు తెలిసిన చెరకునే తీసుకుందాం. ‘చెరకు ధర ఎంత?’ అని అడిగితే అది సగం ప్రశ్న. ఏ ఏడాది ధర? ఎవరు ప్రకటించిన ధర? క్వింటాలుకా, టన్నుకా?

2025–26 చక్కెర సీజనుకు కేంద్ర ప్రభుత్వం చెరకుకు క్వింటాలుకు 355 రూపాయల ధర నిర్ణయించింది. అంటే టన్నుకు 3,550 రూపాయలు. కాని ఇది 10.25 శాతం చక్కెర దిగుబడి వచ్చే చెరకుకు కట్టిన ధర. దిగుబడి తగ్గితే ధర తగ్గుతుంది. 9.5 శాతానికి లోపు ఉన్న ఫ్యాక్టరీల విషయంలో మాత్రం క్వింటాలుకు 329 రూపాయల 5 పైసలకు తగ్గకూడదు. ఇప్పుడు ఇద్దరు రైతులు వాదించుకుంటున్నారనుకోండి. ఒకరు 3,550 అంటారు, ఇంకొకరు 3,290 అంటారు. ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడటం లేదు. ఇద్దరూ పూర్తి ప్రశ్న అడగలేదు, అంతే. పత్రికలో పెద్ద అక్షరాల్లో వచ్చిన అంకెకూ, రైతు చేతికి వచ్చే అంకెకూ మధ్య ఒక షరతు దాగి ఉంటుంది. ఆ షరతును వెతకడం నేర్చిన పిల్లవాడు రేపు బ్యాంకు అప్పు కాగితాన్నీ, బీమా కాగితాన్నీ కూడా అలాగే చదువుతాడు.

కాబట్టి పిల్లలు ఏదైనా అడిగినప్పుడు వెంటనే జవాబు చెప్పకండి. ‘నువ్వు సరిగ్గా ఏం తెలుసుకోవాలనుకుంటున్నావు?’ అని తిరిగి అడగండి.

రెండో మెట్టు: వెతికే చోటు తెలియడం

వెతకడం మొదట పుస్తకం దగ్గర నేర్పాలి. పుస్తకం మొదట్లో విషయసూచిక ఎందుకుంటుంది? చివర అకారాది సూచిక ఎందుకుంటుంది? అచ్చయిన సంవత్సరం ఎక్కడ ఉంటుంది? పదో తరగతి పూర్తయినా ఈ మూడూ గమనించని పిల్లలు ఉన్నారు. పది నిమిషాల్లో చూపించదగిన సంగతులు ఇవి.

తరువాత గ్రంథాలయానికి తీసుకువెళ్లండి. 1876లో మెల్విల్ డ్యూయీ అనే అమెరికా గ్రంథపాలకుడు జ్ఞానాన్నంతా పది భాగాలు చేసి అంకెలిచ్చాడు. చాలా గ్రంథాలయాల్లో పుస్తకాలు ఆ వరుసలోనే ఉంటాయి. 610 వైద్యం, 630 వ్యవసాయం, 800 సాహిత్యం, 900 చరిత్ర, భూగోళం. పుస్తకం వీపు మీది అంకె ఊరికే అతికించిన చీటీ కాదని, అది ఆ పుస్తకపు ఇంటి నంబరని తెలిసిన పిల్లవాడికి గ్రంథాలయం అంటే భయం పోతుంది. మన దేశపు గ్రంథాలయ శాస్త్ర పితామహుడు ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ఐదు సూత్రాలు చెప్పారు. పుస్తకాలు దాచడానికి కాదు, వాడటానికే అన్నది వాటిలో మొదటిది.

ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోండి. 1960 నాటి గ్రంథాలయ చట్టం ప్రకారం మనం కట్టే ఇంటి పన్నులో ప్రతి రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను చేరుతుంది. అంటే జిల్లా గ్రంథాలయ సంస్థ, దాని శాఖలు మన డబ్బుతో నడిచేవి. అక్కడికి పిల్లలను తీసుకువెళ్లడం, కావలసిన పుస్తకం తెప్పించమని అడగడం మన హక్కు.

ఇంటర్నెట్టులో వెతికేటప్పుడు మూడు సంగతులు నేర్పండి. మొదటిది, చిరునామా చదవడం. ‘గవ్ డాట్ ఇన్’ అని ముగిసే చిరునామా మన ప్రభుత్వ సంస్థలది. పేరులో ప్రభుత్వం అనే మాట పెట్టుకొని, చివర వేరే అక్షరాలతో ముగిసే చిరునామా కనిపిస్తే ఆగి చూడాలి. రెండవది, వెతికితే అన్నిటికంటే పైన వచ్చినదే సరైనదని అనుకోకూడదు. డబ్బు కట్టి పైకి తెచ్చుకున్న ప్రకటనలు కూడా అక్కడే ఉంటాయి. మూడవది, ఒకచోట చూసిన సంగతిని ఇంకొకచోట సరిచూసుకోవడం.

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. అందులో చాలా ఊళ్లకు పేజీలున్నాయి. పిల్లల చేత తమ ఊరి పేజీ తెరిపించి చదివించండి. అందులో రాసినది నిజమేనా? ఏ ఆధారంతో రాశారు? పేజీ కింద ‘మూలాలు’ ఉన్నాయా? పైన ‘చరిత్ర’ అన్న చోట నొక్కితే ఎవరు ఎప్పుడు ఏం మార్చారో కనిపిస్తుంది. తాము పుట్టి పెరిగిన ఊరి గురించి రాసిన మాటల్లో తప్పు కనిపిస్తే, మిగతా పేజీలను కూడా అంతే జాగ్రత్తగా చదవాలని పిల్లలకు ఎవరూ చెప్పనక్కరలేదు.

మూడో మెట్టు: దొరికినదాన్ని పరీక్షించడం

ఏ వార్తనైనా ఐదు ప్రశ్నలు అడగాలి.

1. ఎవరు చెప్పారు? పేరుందా, లేక ‘ఎవరో పంపారు’ అంతేనా?
2. ఎప్పుడు చెప్పారు? తేదీ ఉందా?
3. చెప్పినవారికి ఆ సంగతి ఎలా తెలుసు? ఆధారం ఏమిటి?
4. ఇదే సంగతి ఇంకెవరైనా విడిగా చెప్పారా?
5. ఇది నమ్మితే ఎవరికి లాభం?

మనకు బాగా తెలిసిన వార్తతోనే దీన్ని సాధన చేయించండి. బోధన్ శక్కర్‌నగర్‌లోని నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1937లో స్థాపించబడింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదిగా పేరు పొందింది. 2002లో అందులో ఎక్కువ వాటా ప్రైవేటు సంస్థకు వెళ్లింది. 2015 డిసెంబరులో మూతపడింది. కార్మికుల బతుకులు చెదిరిపోయాయి. మంజీర మీద 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీటితో చెరకు పండించిన పొలాల్లో వరి పెరిగింది. అప్పటినుంచి ‘ఫ్యాక్టరీ తెరుస్తున్నారు’ అన్న వార్త ఎన్నిసార్లు చేతులు మారిందో మీకు తెలుసు.

ఆ వార్త మళ్లీ వస్తే పిల్లవాడు ఏం అడగాలి? ఇది ఏ తేదీ వార్త? పాత పత్రిక ముక్కను ఎవరో కొత్తగా తిప్పుతున్నారా? చెప్పినది నాయకుని మాటా, ప్రభుత్వ ఉత్తర్వా? 2024 జనవరిలో మూతపడిన చక్కెర ఫ్యాక్టరీలను తిరిగి తెరవడంపై రాష్ట్ర ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. కమిటీ వేయడం ఒకటి, నిధులు విడుదల చేయడం ఇంకొకటి, గానుగ తిరగడం మరొకటి. ఈ మూడింటినీ ఒకటిగా చదివి చెరకు నాటుకున్న రైతు నష్టపోతాడు. మూడింటినీ విడదీసి చదివిన రైతు తన భూమిని, పెట్టుబడిని కాపాడుకుంటాడు. ఆశ పడటం తప్పు కాదు. ఆశకు ఆధారం ఎంత ఉందో తెలుసుకొని అడుగు వేయాలి.

పరీక్షించకపోతే పోయేది డబ్బు మాత్రమే కాదు. 2018 మే నెలలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న అబద్ధపు కబురు వాట్సాప్ ద్వారా తెలంగాణ పల్లెలను చుట్టేసింది. కొత్తవాడు కనిపిస్తే కొట్టారు. మన నిజామాబాద్ జిల్లాతో సహా పలుచోట్ల అమాయకుల ప్రాణాలు పోయాయి. కబురు పంపినవారిలో ఎక్కువమంది చెడ్డవారు కారు. ‘నిప్పు లేనిదే పొగ రాదు’ అనుకున్నారు, ‘నిజమైతే నలుగురికి మేలు’ అనుకున్నారు. అదే సమయంలో జోగులాంబ గద్వాల జిల్లాలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసులను ఊరూరికీ పంపి, డప్పులతో, పాటలతో, ముఖాముఖి మాటలతో ఆ కబురు అబద్ధమని చెప్పించారు. ఆ ఏడాదే కేరళలోని కణ్ణూరు జిల్లాలో సుమారు 150 ప్రభుత్వ పాఠశాలల్లో ‘సత్యమేవ జయతే’ పేరుతో ఇలాంటి పాఠాలు చెప్పారు. అంటే ఈ విద్య తరగతి గదిలో నేర్పగలిగినదే.

వాట్సాప్ కూడా 2018 జూలైలో మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చోట్లకు మించి పంపే వీలు లేకుండా చేసింది. ఎన్నో చేతులు మారి వచ్చిన సందేశం మీద రెండు బాణాల గుర్తు ఉంటుంది. ఆ గుర్తు కనిపిస్తే మరింత జాగ్రత్త పడాలని పిల్లలకు చూపించండి.

జగద్గురువులు ఫ్రాన్సిస్ పోపుగారు కూడా ఆ 2018లోనే సామాజిక సమాచార సాధనాల దినోత్సవ సందేశాన్ని అబద్ధపు వార్తల మీదనే రాశారు. వార్తను పుట్టించినవాడే కాదు, ఆలోచించకుండా చేరవేసినవాడు కూడా దాని ఫలితంలో పాలివాడే. ఈ మాటను మనం గుండె మీద చేయి వేసుకొని ఆలోచించాలి.

నాలుగో మెట్టు: తెలిసినదాన్ని వాడుకోవడం

మన జిల్లానుంచి గల్ఫ్ దేశాలకు వెళ్లినవారు లేని ఊరు అరుదు. ‘జీతం ఇంత, భోజనం ఉచితం, వెంటనే వీసా’ అన్న ప్రకటన ఫోనుకు వస్తుంది. ఇంటిల్లిపాదీ ఆశపడతారు. పుస్తెలు తాకట్టు పెట్టి లక్షలు కడతారు. ఇక్కడే బడికి వెళ్లే పిల్ల నేర్చుకున్న విద్య ఇంటిని కాపాడగలదు.

ఆమె ఏం చేయాలి? విదేశాంగ శాఖ నడిపే ‘ఇమైగ్రేట్ డాట్ గవ్ డాట్ ఇన్’ అన్న చిరునామా తెరవాలి. అందులో ప్రభుత్వం వద్ద నమోదైన ఏజెంట్ల జాబితా ఉంటుంది. ప్రకటనలో ఉన్న సంస్థ పేరు, నమోదు సంఖ్య అందులో ఉన్నాయా? లేకపోతే అక్కడే ఆగాలి. ఉంటే, చట్టం ప్రకారం ఏజెంటు తీసుకోగల సేవా రుసుము 30,000 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ, మొత్తం 35,400 రూపాయలు మాత్రమే. అంతకు మించి అడిగాడంటే ఎందుకని ప్రశ్నించాలి. రసీదు లేకుండా ఒక్క రూపాయి ఇవ్వకూడదు. ఇస్తున్నది పనిచేయడానికి వీసానా, చూసి రావడానికి విజిట్ వీసానా అన్నది చదివించుకోవాలి. పదో తరగతి పాసు కానివారికి గల్ఫ్ దేశాలకు పనికి వెళ్లడానికి ప్రభుత్వపు వలస అనుమతి కూడా తప్పనిసరి. విజిట్ వీసా మీద వెళ్లి పనిచేస్తే ఆ రక్షణలేవీ ఉండవు.

ఇలాగే, ఫోనులో డబ్బు తీసుకోవడానికి యూపీఐ పిన్ను నొక్కనక్కరలేదు. డబ్బు పంపడానికే అది కావాలి. ఓటీపీ అడిగేవాడు బ్యాంకువాడు కాదు. మోసపోతే సిగ్గుపడి దాచుకోకుండా ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోను చేయాలి. ఎంత త్వరగా చెబితే డబ్బును ఆపే అవకాశం అంత ఎక్కువ. ఈ రెండు మూడు వాక్యాలను పిల్లలు అవ్వకూ తాతకూ నేర్పితే, అదే వారు చేసే మంచి గృహపాఠం.

బడి పనిలో కూడా ఒక నియమం ఉండాలి. ఇంటర్నెట్టులో దొరికినదాన్ని ఉన్నదున్నట్టు దింపి ప్రాజెక్టు అని ఇవ్వడం చదువు కాదు. 2022 నవంబరులో చాట్ జీపీటీ వచ్చాక యంత్రమే వ్యాసం రాసిపెట్టే కాలం వచ్చింది. అది నున్నగా రాస్తుంది, ఒక్కోసారి లేనిదాన్ని ఉన్నట్టు కూడా అంతే నున్నగా రాస్తుంది. కాబట్టి ఉపాధ్యాయులు రెండు మాటలు అడగాలి. ‘ఇది నీకు ఎక్కడ దొరికింది? నీ మాటల్లో చెప్పు.’ ఈ రెండింటికీ జవాబు చెప్పగలిగిన పిల్లవాడు యంత్రాన్ని వాడుకున్నా ఫరవాలేదు. చెప్పలేనివాణ్ణి యంత్రమే వాడుకుంటుంది.

ఎవరు ఏం చేయాలి?

కరోనా కాలంలో 2020 సెప్టెంబరు 1నుంచి మన రాష్ట్రంలో పాఠాలు దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ద్వారా ఇళ్లకు వచ్చాయి. అప్పుడు ఫోను చేతికి ఇచ్చాం. దాన్ని వాడే వివేకాన్ని ఇవ్వడం మాత్రం మిగిలిపోయింది. ఆ బాకీ తీర్చడానికి పెద్ద ఖర్చు అక్కరలేదు.

బడిలో వారానికి ఒక పీరియడు చాలు. ఆ వారం ఊళ్లో తిరిగిన ఒక కబురును నల్లబల్ల మీద రాసి, ఐదు ప్రశ్నలతో పరీక్షించాలి. గ్రంథపాలకులు నెలకు ఒకసారి పిల్లలకు అంకెల వరుస, దినపత్రికల పాత సంచికలు చూపించాలి. ఒకే వార్తను రెండు పత్రికల్లో చదివించి తేడాలు రాయించాలి. విచారణలో ఆదివారం పూజ తరువాత యువతీయువకులు ఒక బల్ల వేసుకొని కూర్చుని, పెద్దవారు తెచ్చిన సందేశాలను, ఉద్యోగ ప్రకటనలను సరిచూసి చెప్పవచ్చు. ఇంట్లో తల్లిదండ్రులు చేయవలసినది ఇంకా చిన్నది. పిల్లల ముందు ఏ సందేశాన్నీ చదవకుండా ముందుకు పంపకండి. ‘ఇది నిజమో కాదో నాకు తెలియదు, కనుక్కుందాం’ అని వారి ఎదుట అనండి. తెలియదని చెప్పడం చిన్నతనం కాదని పిల్లలు మననుంచే నేర్చుకుంటారు.

ఒక హెచ్చరిక కూడా అవసరం. దేన్నీ నమ్మకపోవడం ఈ విద్య కాదు. అన్నిటినీ అనుమానించేవాడు టీకా వేయించుకోడు, డాక్టరు మాట వినడు, మంచి వార్తను కూడా తోసేస్తాడు. అతడూ మోసపోయినవాడే. నమ్మదగినదాన్ని ధైర్యంగా నమ్మగలగడం కోసమే పరీక్షించడం నేర్చుకోవాలి. నిజం నిలకడ మీద తెలుస్తుందని మన పెద్దలు అన్నారు. ఆ నిలకడ మనలో ఉండాలి.

కుటుంబంలో చర్చించండి

1. గత వారం మీ ఫోనుకు వచ్చిన సందేశాల్లో మీరు ముందుకు పంపిన ఒకదాన్ని తీయండి. ఐదు ప్రశ్నలకు జవాబు దొరికిందా?
2. మీ ఊరికి దగ్గరలో ఉన్న గ్రంథాలయం ఏది? మీ పిల్లలు అక్కడికి చివరిసారి ఎప్పుడు వెళ్లారు?
3. మీ బంధువుల్లో ఎవరైనా గల్ఫ్‌కు వెళ్లే ప్రయత్నంలో ఉన్నారా? వారి ఏజెంటు పేరు ప్రభుత్వ జాబితాలో ఉందేమో పిల్లల చేత చూపించండి.
4. ఒక తప్పుడు కబురు వల్ల మీ ఊళ్లో ఎవరికైనా నష్టం జరిగిందా? దాన్ని ఏ దశలో ఎవరు ఆపగలిగేవారు?
5. ‘కనుక్కుందాం’ అన్న మాట ఈ వారం మీ ఇంట్లో ఎన్నిసార్లు వినిపించిందో వచ్చే ఆదివారం లెక్క చూడండి.